షుగర్ సెన్సార్లకు మన ఊళ్ళోనే పరీక్ష జరగాలి

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. టైప్ 1 డయాబెటిస్. ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం ఆగిపోయింది కాబట్టి రోజుకు నాలుగుసార్లు ఇంజెక్షన్ ఇస్తేనే తిన్నది ఒంటికి పడుతుంది. ఏ పూట ఎన్ని యూనిట్లు ఇవ్వాలన్నది మా అమ్మాయి ఫోను చూసి లెక్క కడుతుంది. ఆ ఫోనుకు అంకె పంపేది పిల్ల జబ్బకు అంటించిన గుండ్రటి సెన్సార్. అది 182 అని చూపిస్తే ఒక మోతాదు, 128 అని చూపిస్తే ఇంకో మోతాదు. అంకె తప్పయితే మోతాదు తప్పవుతుంది. ఎక్కువ ఇన్సులిన్ పడితే పిల్ల స్పృహ తప్పుతుంది, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకే రావచ్చు.

ఈ సెన్సార్లు మంచివే. మా ఇంట్లో అవి లేని రోజులు నాకు బాగా గుర్తున్నాయి, మళ్ళీ ఆ రోజులు వద్దు. కానీ వాటిని మన మనుషుల మీద, మన తిండితో, మన ఉక్కపోతలో, అమ్మేవాళ్ళతో సంబంధం లేనివాళ్ళు పరీక్షించాలి. ఫలితాలు అందరికీ కనబడేలా పెట్టాలి. ఆ పని చెయ్యడానికి విశాఖపట్నం కంటే అనువైన ఊరు మన రాష్ట్రంలో లేదని నా వాదన.

నేను డాక్టర్ని కాను. ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కొలిచే పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయా లేదా అని చూడడమే నా ఉద్యోగం. అక్కడ ప్రతి గేజ్ మీదా ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది: కాలిబ్రేషన్ (సరైన కొలతతో పోల్చి సరిచూడడం) ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు, మళ్ళీ ఎప్పుడు చెయ్యాలి. గడువు దాటిన గేజ్ రీడింగును లెక్కలోకి తీసుకోం. పరీక్షించే పరికరం, పరీక్షకు వచ్చినదానికంటే నాలుగు రెట్లు కచ్చితంగా ఉండాలనేది మేం పాటించిన పద్ధతి. ఇంకో పద్ధతి కూడా ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం. పరికరం ఏ స్థాయిలో పనిచెయ్యాలో ఆ స్థాయిలోనే దాని తప్పు ఎంతో విడిగా చూడాలి. 300 డిగ్రీల దగ్గర బాగా చూపించే థర్మోకపుల్‌ను (వేడిని కొలిచే పరికరాన్ని) 1,200 డిగ్రీల దగ్గర చూడకుండా కొలిమిలోకి పంపం. ఈ అలవాటుతోనే మా పిల్ల సెన్సార్ డబ్బా మీద రాసినవన్నీ చదివాను. చాలా విషయాలు ఉన్నాయి. నాకు కావలసినది మాత్రం కనబడలేదు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను. చర్మం కింద అర సెంటీమీటరు లోతుకు ఒక సన్నని తీగ దిగి ఉంటుంది. దాని మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ లాంటి ఎంజైము పూత ఉంటుంది. గ్లూకోజ్ ఆ పూతను తాకినప్పుడు రసాయన చర్య జరిగి అతి స్వల్పమైన కరెంటు పుడుతుంది. ఆ కరెంటును కొలిచి, షుగర్ ఎంతో లెక్క కడతారు. ఎంజైముతో, ఎలక్ట్రోడ్‌తో గ్లూకోజ్ కొలవవచ్చన్న ఆలోచనను అమెరికా శాస్త్రవేత్త లేలాండ్ క్లార్క్ 1962లోనే ప్రకటించాడు. ఒంటి మీద పెట్టుకుని రోజుల తరబడి కొలిచే పరికరానికి అమెరికాలో మొదటిసారి అనుమతి వచ్చింది 1999లో. మన దేశంలో డాక్టర్లు పేషెంటుకు అంటించి రెండు వారాల తర్వాత రిపోర్టు తీసే రకం 2015లో వచ్చింది. ఎవరికి వారు ఫోనులో చూసుకునేవి ఆ తర్వాతివి.

ఈ తీగ రక్తంలో లేదు. కణాల మధ్య ఉండే ద్రవంలో ఉంది. రక్తంలో పెరిగిన గ్లూకోజ్ అక్కడికి చేరడానికి అయిదు నుంచి పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. నాలుగు ఇడ్లీలు తిన్న తర్వాత షుగర్ నిమిషానికి 2 మిల్లీగ్రాముల చొప్పున పెరుగుతోందనుకుందాం (షుగర్ అంకెలన్నీ డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని). పది నిమిషాల ఆలస్యం అంటే 20 తేడా. రక్తంలో 180 ఉన్నప్పుడు సెన్సార్ 160 చూపిస్తుంది. సెన్సార్ చెడిపోలేదు, వెనకబడింది, అంతే. షుగర్ దిగుతున్నప్పుడు ఇదే తేడా అటునుంచి వస్తుంది. రక్తంలో 65కు పడిపోయినా సెన్సార్ ఇంకా 85 దగ్గరే ఉంటుంది. తినగానే కనబడే తేడాతో పెద్ద ప్రమాదం లేదు. దిగేటప్పుడు వచ్చే తేడాతోనే ప్రమాదం.

మా వీధిలో సెన్సార్ పెట్టుకున్న వాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నా ఉద్యోగం తెలుసు కాబట్టి వచ్చి అడుగుతుంటారు. "బాబాయ్ గారూ, మీటర్లో 140 వచ్చింది, దీంట్లో 165 ఉంది. డూప్లికేట్ సరుకంటారా?" అని పక్క వాటా కుర్రాడు ఫోను పట్టుకుని వచ్చాడు. వాళ్ళ అమ్మగారికి పెట్టించాడు, పాపం, అయిదు వేలు పోసి. నేను అతన్ని తిరిగి అడిగింది ఒకటే: మీటరే సరైనదని నీకు ఎవరు చెప్పారు?

గ్లూకోమీటర్లకు 2013 నాటి ఐఎస్ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం రక్తంలో షుగర్ 100 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు వంద రీడింగుల్లో 95 అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ ఉంటే చాలు. 100 కంటే తక్కువ ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాములు అటూ ఇటూ. అసలు షుగర్ 150 ఉంటే మీటరు 128 చూపించినా, 172 చూపించినా అది పాసయిన మీటరే. సెన్సార్ తప్పు కూడా ఇంచుమించు ఆ స్థాయిలోనే ఉంటుంది. మా వర్క్‌షాపులో అయితే దానితో దీన్ని పరీక్షించడాన్ని ఎవరూ ఒప్పుకోరు. రెండింటి మధ్య తేడా వచ్చిందంటే ఇద్దరిలో ఎవరిదో తప్పు అని తెలుస్తుంది గాని, ఎవరిదో తెలియదు.

పైగా మీటరు రీడింగును మనమే పాడు చేస్తాం. మామిడిపండు కోసి, చెయ్యి కడుక్కోకుండా వేలు గుచ్చితే వేలి మీదున్న పండు రసం రక్తపు చుక్కలో కలిసి అంకె అమాంతం పైకి పోతుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే సరిపోదు, నీళ్ళతో కడిగి ఆరబెట్టుకోవాలి. రక్తహీనత ఉన్నవాళ్ళకు చాలా స్ట్రిప్పులు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. ఇక స్ట్రిప్పుల సీసా మూత తీసి వదిలేస్తే, సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్ళో, స్ట్రిప్పుల మీది ఎంజైము పాడవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఇవన్నీ సెన్సార్ నెత్తిన పడతాయి.

ల్యాబులో రక్తం ఇచ్చి పోల్చి చూస్తే సరిపోతుంది కదా అంటారు. మంచిదే, కానీ ఆ రక్తం బూడిదరంగు మూత ఉన్న గొట్టంలోకి తీశారా లేదా చూడండి. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేని గొట్టంలో రక్తకణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, గంటకు అయిదు నుంచి ఏడు శాతం వరకు తగ్గిపోతుంది. రక్తం తీసిన నిమిషం రాసుకోవాలి, ఆ నిమిషంలో సెన్సార్ ఎంత చూపిందో, పది నిమిషాల తర్వాత ఎంత చూపిందో రాసుకోవాలి. అలా చేస్తే ఇంటి దగ్గర చేసే ఏ పరీక్ష కంటే నమ్మకమైన పోలిక మీ చేతికి వస్తుంది. రిపోర్టు మీద ఎన్ఏబీఎల్ (ల్యాబులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తు ఉన్న ల్యాబు అయితే మరీ మంచిది.

ఇంట్లో చూసుకోవాలంటే నేను చేసే పద్ధతి చెబుతాను. సెన్సార్ పెట్టిన మొదటి రోజు రీడింగులను పోలికకు వాడను. గుచ్చినచోట ఒళ్ళు కుదుటపడాలి, ఆ రోజు తప్పులు ఎక్కువ. రెండో రోజు నుంచి, తినడానికి ముందు, ఆటలు ఆడకముందు, ఫోనులో బాణం అడ్డంగా ఉన్నప్పుడు మాత్రమే వేలు గుచ్చుతాను. బాణం అడ్డంగా ఉందంటే షుగర్ నిలకడగా ఉందని, అప్పుడు ఆలస్యం వల్ల వచ్చే తేడా ఉండదు. ఒక్క రీడింగుతో ఏమీ తేల్చను. వేర్వేరు పూటల్లో కొన్ని తీసి, నోటు పుస్తకంలో మీటరు అంకె, సెన్సార్ అంకె, తేడా పక్కపక్కన రాస్తాను. తేడా ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఉంటే అది మామూలు చెదురు. ప్రతిసారీ ఒకే వైపు ఉంటే, అన్నిసార్లూ సెన్సారే పాతిక ముప్ఫై తక్కువ చూపిస్తుంటే, ఆ పేజీ ఫోటో తీసి డాక్టరుగారికి పంపుతాం. సెన్సార్ లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన సరుకుకు వేసే నంబరు, కూడా ఆ పేజీ మీదే ఉంటుంది.

రాత్రిపూట వచ్చే ఒక తప్పు గురించి ప్రతి ఇంటికీ తెలియాలి. ఒకరోజు అర్ధరాత్రి దాటాక మా అమ్మాయి ఫోను గట్టిగా మోగింది. 52 అని ఎర్రగా ఉంది. ఆవిడ పరుగున వెళ్ళి గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలుపుతోంది, చేతులు వణుకుతున్నాయి. నేను పిల్ల మెడ మీద చెయ్యి పెట్టి చూశాను. చెమట లేదు, ఒళ్ళు చల్లబడలేదు. సెన్సార్ ఉన్న చెయ్యి కింద వేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. వేలు గుచ్చితే 117. "తాతయ్యా, నాకేం కాలేదు, పడుకోనీ" అని విసుక్కుంది. ఇంకో పక్కకు తిప్పి పడుకోబెట్టాం. పావుగంట దాటేసరికి సెన్సార్ అంకె దానంతటదే వందకు పైగా వచ్చింది.

ఒంటి బరువు పడినప్పుడు ఆ చోట రక్తప్రసరణ తగ్గి, తీగ చుట్టూ ఉన్న ద్రవంలో గ్లూకోజ్ తగ్గుతుంది. సెన్సార్ తన చుట్టూ ఉన్నదాన్ని నిజాయితీగానే కొలిచింది, ఒళ్ళంతా అలా లేదు, అంతే. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. చెమటలు, వణుకు, తికమక మాటలు ఉంటే వేలు గుచ్చడం కోసం ఆగకూడదు. ముందు తీపి ఇవ్వాలి, తర్వాతే కొలత. సెన్సార్ బాగానే ఉందని చూపిస్తున్నా సరే, ఒళ్ళు చెప్పిందే వినాలి.

ఇప్పటిదాకా చెప్పింది ఇంటి పరీక్ష. అసలు పరీక్ష ఆసుపత్రిలో జరుగుతుంది, దాని గురించి మనవాళ్ళకు ఎవరూ చెప్పరు. కొత్త సెన్సార్‌ను పరీక్షించేటప్పుడు డయాబెటిస్ ఉన్న వాలంటీర్లను రోజంతా పడుకోబెట్టి, డాక్టర్ల కళ్ళ ముందు కావాలనే షుగర్‌ను పైకి లేపుతారు, కిందికి దించుతారు. పావుగంటకోసారి రక్తం తీస్తారు. చేతిని వేడి ప్యాడ్‌తో వెచ్చబెడతారు, సిర నుంచి తీసిన రక్తం ధమని రక్తానికి దగ్గరగా రావడానికి. ఆ నమూనాను అక్కడికక్కడే ల్యాబు యంత్రంలో పెడతారు. వైఎస్ఐ 2300 అనే యంత్రం ఏళ్ళ తరబడి ఈ పనికి మాస్టర్‌గా ఉండేది, ఇప్పుడు దాని తయారీ ఆగిపోయింది. సిర రక్తంతో పోల్చారా, వేలి రక్తంతో పోల్చారా అన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారిపోతుంది. తిన్న తర్వాత వేలి రక్తంలో షుగర్ సిర రక్తంలో కంటే ఎక్కువగా ఉంటుంది మరి.

ఇంత కష్టపడి తీసిన వేలాది జతల అంకెలను చివరికి ఒక్క శాతంగా మార్చి చెబుతారు. దాన్ని ఎంఏఆర్‌డీ అంటారు. ప్రతి రీడింగులో తప్పు ఎంత శాతమో చూసి, అన్నిటికీ సగటు కడతారు. ఇప్పుడు పేరున్న సెన్సార్లకు ఇది 8, 9 శాతం దగ్గర ఉంది. డెక్స్‌కామ్ జీ7కు జబ్బ మీద 8.2, అబాట్ లిబ్రె 2కు 9 పైచిలుకు. పదేళ్ళ కిందటితో పోలిస్తే గొప్ప మెరుగుదల, ఆ ఇంజనీర్లకు దండం పెట్టాల్సిందే. కానీ కొలతల మనిషిగా నాకు ఈ ఒక్క అంకె చాలదు.

సగటు అనేది బాగున్నచోట్ల బాగును, పాడైనచోట్ల పాడును కలిపేస్తుంది. పరీక్షలో ఎక్కువ రీడింగులు 120కీ 250కీ మధ్య తీస్తే సగటు అందంగా వస్తుంది. 60 దగ్గర తీసినవి కొద్దిగానే ఉంటే అక్కడి తప్పు ఆ సగటులో మునిగిపోతుంది. మా పిల్ల ప్రాణానికి కావలసింది ఆ 60 దగ్గరి అంకే. ఇంకో సంగతి. ఒక సెన్సార్ ఎప్పుడూ 9 శాతం ఎక్కువే చూపిస్తుంది. ఇంకోటి అదే 9 శాతం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది. రెండింటికీ ఎంఏఆర్‌డీ ఒకటే. ఇన్సులిన్ మోతాదు లెక్కకు ఆ రెండూ ఒకటి కావు.

అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2018లో డెక్స్‌కామ్ జీ6కు అనుమతి ఇచ్చినప్పుడు దీనికి ఒక దారి చూపింది. సగటును పక్కన పెట్టి, స్థాయిల వారీగా లెక్క అడిగింది. సెన్సార్ 70 కంటే తక్కువ చూపిన రీడింగులు తీసుకుంటే, వాటిలో 85 శాతానికి పైగా అసలు విలువకు 15 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. 70 నుంచి 180 వరకు ఒక గీత, 180 దాటాక ఇంకో గీత. సెన్సార్ 70 లోపు చూపినప్పుడు అసలు షుగర్ 180 దాటి ఉన్న సందర్భం ఒక్కటి కూడా ఉండకూడదు, తిరగేసి చూసినా అంతే. ఈ పద్ధతి నాకు నచ్చింది. మా వర్క్‌షాపులో మేం చేసింది ఇదే.

అయినా ఒక ప్రశ్న మిగిలి ఉంది. సెన్సార్ 70 లోపు చూపినప్పుడు అది నిజమా అనేది ఒక ప్రశ్న. షుగర్ నిజంగా 70 లోపు పడిపోయినప్పుడు సెన్సార్ చెప్పిందా అనేది వేరే ప్రశ్న. మొదటిది తప్పితే తల్లికి నిద్ర పోతుంది. రెండోది తప్పితే పిల్ల పోతుంది. రెండు అంకెలూ విడివిడిగా డబ్బా మీద, తెలుగులో, కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మామూలు షుగర్ పేషెంట్లకు కూడా ఇది సంబంధం లేని విషయం కాదు. 2019లో అంతర్జాతీయ నిపుణులు ఒక లక్ష్యం చెప్పారు. రోజులో 70 శాతానికి పైగా సమయం షుగర్ 70కీ 180కీ మధ్య ఉండాలి, 70 లోపు 4 శాతం కంటే తక్కువ ఉండాలి. ఇప్పుడు డాక్టర్లు ఈ రిపోర్టు చూసి మందులు మారుస్తున్నారు. సెన్సార్ 10 శాతం తక్కువ చూపే రకమైతే అసలు 190 ఉన్నది 171గా కనబడి, మంచి లెక్కలోకి పోతుంది. పేషెంటుకు మెప్పు వస్తుంది, మందు మాత్రం పెరగదు. కంపెనీ మారిస్తే రిపోర్టు మారడం నేను నా ఒంటి మీదే చూశాను. తిండి మారలేదు, మాత్రలు మారలేదు.

కంపెనీలు అమెరికాలో, ఐరోపాలో పరీక్షలు చేశాయి కదా, మళ్ళీ ఇక్కడెందుకు అని ఒక డాక్టరుగారే నన్ను అడిగారు. ఆయన మీద గౌరవంతోనే జవాబు చెబుతున్నాను. షుగర్ ఎంత ఉందన్నదానికంటే ఎంత వేగంగా మారుతోందన్నదే సెన్సార్‌కు కష్టమైన పరీక్ష. పళ్ళెం నిండా తెల్ల అన్నం, పప్పు, చారు తిన్నాక షుగర్ పెరిగే ఏటవాలు వేరు. అదే మనిషి పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగితే వచ్చేది వేరు. ఈ రెండు రకాల ఏటవాలు మీదా సెన్సార్ ఎలా నడుస్తుందో కొలిచి చూడాలి. ఇక మే నెలలో గాజువాకలో బస్సు దిగి ఇంటికి నడిచేసరికి చొక్కా తడిసిపోతుంది. ఆ చెమటలో జిగురు ఎన్ని రోజులు ఆగుతుంది? మా పిల్లకు ఒకటి నాలుగో రోజే ఊడి పడింది. సరఫరా చేసిన ఏజెన్సీ మీరే సరిగ్గా అంటించలేదు పొమ్మంది. నెలకు రెండు సెన్సార్లంటే పది వేల దగ్గర పడుతుంది, ఊడినదానికి డబ్బు తిరిగి రాదు. జిగురులోని ఐసోబోర్నైల్ ఆక్రిలేట్ అనే రసాయనం వల్ల చర్మానికి ఎలర్జీ వస్తోందని 2017లో ఐరోపా చర్మ వైద్యులు కనిపెట్టాకే తయారీదార్లు దాన్ని మార్చడం మొదలుపెట్టారు. వాడేవాళ్ళను దగ్గరుండి చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అది బయటపడింది.

అన్నిటికంటే పెద్ద కారణం మన ఏజెన్సీ ప్రాంతం. పాడేరు, అరకు వైపు గిరిజనుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంది. దాని కోసం కేంద్రం 2023 జూలైలో ఒక జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టింది. సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో ఎర్ర రక్తకణాలు తొందరగా చనిపోతాయి కాబట్టి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష వాళ్ళకు నమ్మదగ్గది కాదు. వాళ్ళకు షుగర్ వస్తే నేరుగా గ్లూకోజునే కొలవాలి, అంటే సెన్సార్ అందరికంటే ఎక్కువ అవసరమైనది వాళ్ళకే. కానీ సికిల్ సెల్‌కు ఇచ్చే ముఖ్యమైన మందు హైడ్రాక్సీయూరియా. ఆ మందు వేసుకుంటే కొన్ని కంపెనీల సెన్సార్లు షుగర్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. వాటి మాన్యువల్‌లోనే ఆ హెచ్చరిక ఉంటుంది, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. లేని షుగర్‌కు ఇన్సులిన్ వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇదే తీరులో విటమిన్ సి రోజుకు 500 మిల్లీగ్రాములు దాటితే లిబ్రె రకాల్లో కొన్ని ఎక్కువ చూపిస్తాయి. పాత డెక్స్‌కామ్ మోడళ్ళకు పారాసిటమాల్‌తో ఇబ్బంది ఉండేది. ఏ మందుతో ఏ సెన్సార్ పనికిరాదో మందుల షాపులో గోడ మీద తెలుగులో అంటించి ఉండాలా, అక్కర్లేదా?

అనుమతి వచ్చిన పరికరాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలనడానికి ఒక ఉదాహరణ చాలు. 2025 నవంబరులో అబాట్ కంపెనీ లిబ్రె 3, లిబ్రె 3 ప్లస్ సెన్సార్లలో కొన్ని చాలాసేపు తక్కువ అంకె చూపిస్తున్నాయని ప్రకటించింది. అమెరికాలో దాదాపు 30 లక్షల సెన్సార్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఒకే తయారీ లైనులో వచ్చిన లోపం. 700కు పైగా తీవ్రమైన హాని కేసులు, ఏడు మరణాలు దానికి సంబంధించినవై ఉండొచ్చని కంపెనీయే చెప్పింది. తక్కువ చూపిస్తోంది కదా అని ఇన్సులిన్ ఆపినవాళ్ళు, తీపి తిన్నవాళ్ళు ఏమవుతారో ఆలోచించండి. మోడల్‌కు అనుమతి ఒకసారి వస్తుంది. లాట్ మాత్రం ప్రతిసారీ కొత్తది.

సూది లేకుండా షుగర్ చెబుతుందంటూ ఆన్‌లైనులో అమ్మే వాచీలు, ఉంగరాల గురించి ఒక్క మాట. అలాంటిదాన్ని దేనినీ తాము అనుమతించలేదని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కొనకండి. ఇంట్లో పెద్దవాళ్ళకు కానుకగా అసలే ఇవ్వకండి.

మన దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉందని 2023లో అచ్చయిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే (భారత వైద్య పరిశోధన మండలి సర్వే) చెప్పింది. సెన్సార్లు డబ్బున్నవాళ్ళ సరదా, పేదవాళ్ళకు స్ట్రిప్పులు దొరకడమే గగనం, ముందు అది చూడండి అనేవాళ్ళ మాట నేను కాదనను. అందరికీ స్ట్రిప్పులు అందాలి. కానీ ధర తగ్గేకొద్దీ కొత్త కంపెనీల సెన్సార్లు వస్తున్నాయి, ఇంకా వస్తాయి. చవకైనదాన్ని కొనేది పేదవాడే. పరీక్ష లేకపోతే తప్పు అంకె అతని ఇంటికే ముందు వెళుతుంది. డబ్బున్నవాడు రోజుకు పదిసార్లు స్ట్రిప్పుతో సరిచూసుకోగలడు.

మన ఊరి సంగతికొస్తాను. ఉక్కునగరం పక్కనే 270 ఎకరాల్లో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది. వైద్య పరికరాల తయారీ కోసమే 2016లో పుట్టిన సంస్థ. అక్కడే పరికరాలను పరీక్షించే ల్యాబులు ఉన్నాయి, కలాం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ టెక్నాలజీ ఉంది. ఇటు చూస్తే 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, దానికి షుగర్, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి పేషెంట్లు వచ్చేది ఆ ఆసుపత్రికే. పరికరాన్ని కొలిచేవాళ్ళు ఒకవైపు, మనుషులను చూసుకునేవాళ్ళు ఇంకోవైపు, ఒకే ఊళ్ళో ఉన్నారు. ఈ రెండింటినీ కలిపి, మార్కెట్లో అమ్ముతున్న ప్రతి సెన్సార్‌ను మందుల షాపులో మామూలు కొనుగోలుదారులా కొని, వేర్వేరు లాట్ల నుంచి తీసి, ఏడాదికోసారి పరీక్షించాలి. కంపెనీ ఏరి పంపిన నమూనాల మీద చేస్తే ఆ పరీక్షకు విలువ లేదు. వాలంటీర్లలో పిల్లలు, గర్భిణులు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు తప్పక ఉండాలి. ఎంతమంది కావాలో, ఎథిక్స్ కమిటీ ఏమంటుందో, ఎవరి మీద షుగర్‌ను దించకూడదో డాక్టర్లు, గణాంక నిపుణులు తేలుస్తారు. పిల్లల మీద నేనైతే షుగర్‌ను దించనివ్వను, మామూలు రోజుల్లో రక్తం పోల్చి చూస్తే చాలు.

అంతవరకు మన చేతిలో ఉన్న దారి ఒకటుంది. వైద్య పరికరాల వల్ల జరిగిన హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. ఆసుపత్రులే కాదు, వాడేవాళ్ళు కూడా అందులో ఫిర్యాదు పెట్టవచ్చు. సెన్సార్ తప్పు చూపించిందని తేలితే దాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి. కవరులో పెట్టండి. లాట్ నంబరు, తేదీ, ఆ సమయంలో మీటరు ఎంత చూపిందో, సెన్సార్ ఎంత చూపిందో రాయండి. ఫోను స్క్రీన్‌షాట్ తీయండి. సరఫరా ఏజెన్సీ వాళ్ళు ఇంకోటి ఇస్తామన్నా సరే, ఫిర్యాదు మాత్రం విడిగా పెట్టండి. ఒకే లాట్ మీద నాలుగు ఇళ్ళ నుంచి ఒకే రకం ఫిర్యాదు వెళితే దాన్ని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే.

మెడ్‌టెక్ జోన్‌కూ, కాలేజీ ఎండోక్రైనాలజీ విభాగానికీ ఇవన్నీ వివరంగా రాసి, మా నోటు పుస్తకం పేజీలు జత చేసి ఉత్తరం పంపుతున్నాను. టైప్ 1 పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా తమ రీడింగులు కూడా కలుపుతామంటే కలపండి. పిల్ల పేరు వద్దు. సెన్సార్ మోడల్, లాట్ నంబరు, పెట్టి ఎన్నో రోజు, రెండు అంకెలు, బాణం ఎటు ఉంది, ఆ పూట ఏం తిన్నారు, ఏ మందులు వేసుకున్నారు, ఇవి ఉంటే చాలు.